నీలం జత అడిగితే ఇవ్వనన్నారు: మండపేట వైపు ఫ్యాన్సీ సిల్కీలు కొన్న ఏడాదిన్నర అనుభవం

మండపేట వైపు ఒక పల్లెలో, ఇంటి వెనక పెరట్లోనే ఫ్యాన్సీ కోళ్లు పెంచే ఒకావిడ దగ్గర ఏడాదిన్నర కిందట మూడు సిల్కీలు, అంటే దూదిలాంటి మెత్తటి ఈకలుండే జాతి కోళ్లు కొన్నాను. కొన్న వారానికే బాగున్నాయని రాసేయొచ్చు, కానీ ఈ కోళ్ల విషయంలో ఆ మాటకి విలువ లేదు. వాటి పిల్లలు పెద్దయి, పూర్తి ఈకలొచ్చి, ఒక ఎండాకాలం ఒక వానాకాలం దాటితేనే మనం కొన్నదేమిటో తెలుస్తుంది, అందుకే ఇన్నాళ్లు ఆగాను. ఆవిడ పేరు, నంబరు పెట్టడం లేదు, ఆవిడే వద్దన్నారు. అయినా ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఫ్యాన్సీ కోళ్లు అమ్మేవాళ్లని మనం ఏం అడగాలో నాకు అక్కడే తెలిసింది.

ముందు అంతకుముందు జరిగింది చెప్పాలి. మొదటిసారి వీడియో చూసి, ఒక అమ్మకందారు దగ్గర "బ్లూ సిల్కీ జత" అని 4,500 కట్టి బస్సు పార్సిల్లో తెప్పించుకున్నాను. రాత్రి పదకొండింటికి విజయవాడ బస్టాండులో పెట్టె తెరిస్తే పెట్టకి ఒక కన్ను వాచి ఉంది. సరే ప్రయాణం బడలిక అనుకున్నా. రంగు మాత్రం వీడియోలో ఉన్నట్టే ఉంది, పలక మీద తడి గుడ్డతో తుడిచినట్టు ముదురు బూడిద రంగు, దాన్నే ఈ కోళ్లవాళ్లు బ్లూ అంటారు. నాలుగు రోజుల తర్వాత కాళ్లకి పట్టిన మట్టి కడుగుతుంటే అసలు సంగతి బయటపడింది. పుంజుకి నాలుగే వేళ్లు. సిల్కీకి అయిదు ఉండాలి. వీడియోలో కాళ్లు ఈకల్లో కప్పబడిపోయి కనపడలేదు, నేనూ అడగలేదు. జుట్టు, అంటే తల మీద ఉండే కండ, చూస్తే నాటుకోడికిలా రంపంపళ్లతో నిలబడి ఉంది, సిల్కీ పుంజుకి అది అక్రోటు గింజలా ముడుచుకుని గుండ్రంగా ఉండాలి. ముఖం నల్లగా ఉండాల్సింది ఎర్రగా ఉంది.

అంటే ఎక్కడో రెండు తరాల వెనక నాటుకోడి కలిసింది. ఇది ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాను. సిల్కీ ఈకకి మామూలు ఈకలా పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే కొక్కేలు సరిగ్గా ఏర్పడవు, అందుకే అది దూదిలా విడివిడిగా ఉంటుంది. ఆ ఈక రావాలంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. సిల్కీని నాటుకోడితో కలిపితే మొదటి తరం పిల్లలన్నిటికీ మామూలు ఈకే వస్తుంది. వాటిని మళ్లీ సిల్కీతో కలిపితే సుమారు సగం పిల్లలకి దూది ఈక తిరిగొస్తుంది, కానీ అయిదో వేలు, నల్ల చర్మం, జుట్టు ఆకారం వేరే వేరే జన్యువుల పని, అవి వస్తే వస్తాయి లేకపోతే లేదు. పైకి మెత్తగా ఉంది కదా అని సిల్కీ అని అమ్మేస్తారు. ముద్దుగా పెంచుకోవడానికైతే నష్టమేం లేదు. పిల్లలు తీసి జాతి నిలబెట్టుకోవాలనుకునేవాడికి మాత్రం అది మోసమే.

ఆ జతకి పొదిగించిన 19 గుడ్లలో 14 పిల్లలొచ్చాయి. ఏడు నీలం, నాలుగు నలుపు, మూడు మురికి తెలుపు మీద అక్కడక్కడ సిరా చిలకరించినట్టు ఉన్నవి. "నీలం జత అన్నావు, ఇదేంటి ఇన్ని రంగులు" అని ఆ అమ్మకందారుకి ఫోన్ చేసి గట్టిగా అరిచాను. వేళ్ల విషయంలో నా కోపం న్యాయమే, రంగుల విషయంలో మాత్రం అతని తప్పేమీ లేదని మండపేట వెళ్లాకే అర్థమైంది.

అక్కడికి మా తాతయ్యని తీసుకెళ్లాను. మాది భీమవరం పక్క ఊరు, ఆయనకి కోళ్లంటే ప్రాణం, డెబ్భై దాటినా కోడిని చేతిలోకి తీసుకుంటే మెడ దగ్గర్నుంచి తోక దాకా ఒక్కో ఈకా తిప్పి చూస్తారు. తెల్లవారుజామున బయల్దేరితే ఎండెక్కేలోపు చేరుకున్నాం. గేటు దగ్గరే మా చెప్పులు విప్పించి, వాళ్ల రబ్బరు చెప్పులు ఇచ్చి, మందు నీళ్లలో కాళ్లు ముంచి రమ్మన్నారు. చుట్టూ ఊళ్లలో లక్షల కోళ్లున్న గుడ్ల ఫారాలు, తెగులు ఎక్కడి నుంచి ఎక్కడికైనా పాకొచ్చు, ఆ జాగ్రత్త ఉన్న చోట కొనాలని అప్పుడే అనిపించింది. లోపల తొమ్మిదో పదో గదులు, వలలతో విడదీసినవి. ఒక్కో గదిలో ఒక పుంజు, మూడు నాలుగు పెట్టలు. కాళ్లకి రంగు రింగులు. గుడ్ల మీద పెన్సిల్‌తో గది నంబరు, తేదీ. ఆవిడ చేతిలో అట్ట ఊడిపోయిన లాంగ్ నోట్‌బుక్, అందులో ఏ రింగు కోడి ఏ గదిలో పుట్టిందో, అమ్మా నాన్నా ఏ రింగులో రాసి ఉంది.

"అక్కా, మంచి నీలం జత ఒకటి కావాలి" అన్నాను.

"నీలం జత ఇవ్వను తమ్ముడూ. ఇస్తే సగం పిల్లలే నీలం వస్తాయి, మిగతా సగం చూసి నన్ను తిడతావు" అన్నారు.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. నీలం అనేది విడి రంగు కాదు, నలుపుని పలచబరిచే జన్యువు. ఒక మోతాదు పడితే నలుపు బూడిద రంగవుతుంది, అదే నీలం. రెండు మోతాదులు పడితే ఇంకా పలచబడి తెలుపు మీద చుక్కలుగా మిగులుతుంది, దాన్ని స్ప్లాష్ అంటారు. అసలు పడకపోతే నలుపే. నీలం కోడి దగ్గర ఒక మోతాదే ఉంటుంది కాబట్టి నీలాన్ని నీలంతో కలిపితే నాలుగింట ఒకటి నలుపు, రెండు నీలం, ఒకటి స్ప్లాష్. నాకొచ్చిన నాలుగు, ఏడు, మూడు సరిగ్గా ఆ లెక్కే! అదే స్ప్లాష్ పుంజుని నల్ల పెట్టతో కలిపితే ప్రతి పిల్లకీ తండ్రి నుంచి ఒక మోతాదు తప్పకుండా వస్తుంది, తల్లి నుంచి ఏమీ రాదు, కాబట్టి అన్నీ నీలమే.

"స్ప్లాష్ పుంజుని చూసి ఎవరూ కొనరు, మురికిగా ఉందంటారు. పని చేసేది అదే" అని ఒక పుంజుని తెచ్చి నా చేతిలో పెట్టారు. దాంతో పాటు రెండు నల్ల పెట్టలు. మూడూ కలిపి 8,000. బేరం లేదు. నీలం జత అడిగినవాడికి నీలం జత ఇచ్చి పంపడమే ఎవరికైనా తేలిక, పైగా ఆవిడ దగ్గర నీలం జతకి ధర ఇంతకన్నా ఎక్కువే ఉంది. అది వదులుకుని నాకు ఉపయోగపడేది ఇచ్చారు.

కొనే ముందు వాటి తోబుట్టువుల్ని చూపించమంటే చూపించారు, ఇది ముఖ్యం. పక్కన పెట్టేసినవి కూడా చూపించారు. ఆవిడ ఏరివేత మూడు విడతలు. పిల్ల గుడ్డులోంచి వచ్చి ఒళ్లు ఆరగానే వేళ్లు లెక్కపెడతారు, అయిదోది నాలుగోదానికి అతుక్కోకుండా విడిగా పైకి తిరిగి ఉండాలి, కాలి బయటివైపు నూగు ఉండాలి, చర్మం నల్లగా ఉండాలి. రెండు నెలలప్పుడు తల మీద కుచ్చు ఎలా లేస్తోందో, జుట్టు ఏ ఆకారంలో వస్తోందో చూస్తారు. చివరిది ఆరేడు నెలలప్పుడు, పెద్ద ఈకలు పూర్తిగా వచ్చాక, అప్పటిదాకా రంగు గురించి మాట్లాడరు. పిల్లప్పుడు ముచ్చటగా ఉన్న నీలం పెద్దయ్యాక మెడ దగ్గర గడ్డి రంగుకి తిరగొచ్చు, మధ్యలో నల్ల ఈకలు దిగొచ్చు. నలభై పిల్లల్లో తన గదుల్లోకి అయిదారు మిగిలితే గొప్ప అన్నారు. మిగతావాటిని తక్కువ ధరకి, "పెంచుకోవడానికే, పిల్లలు తీయొద్దు" అని చెప్పి మరీ అమ్ముతారు.

రంగు కన్నా ఆకారం కష్టమని ఆవిడ అన్న మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక చదివితే, రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో సర్ జాన్ సెబ్రైట్ అనే పెంపకందారు కూడా పావురాల గురించి దాదాపు ఇదే అనేవారట, ఏ ఈక కావాలన్నా మూడేళ్లలో తెప్పిస్తాను కానీ తలా ముక్కూ కుదరాలంటే ఆరేళ్లు పడుతుందని. డార్విన్ కూడా ఆయన మాటని ప్రస్తావించారు. ఆయన పేరు మీదే ఉన్న సెబ్రైట్ బాంటమ్‌లు, అంటే చిన్న సైజు కోళ్లు, ఈవిడ దగ్గర మూడున్నాయి, బంగారు రంగువి, ప్రతి ఈకకీ చుట్టూ కాటుక పెట్టినట్టు సన్నని నల్ల అంచు. తాతయ్య వాటి ముందు చాలాసేపు నిలబడి, "మూడూ పెట్టలేనా అమ్మా, పుంజు లేదా?" అన్నారు. అందులో ఒకటి పుంజే. సెబ్రైట్ పుంజుకి మెడ మీద మొనదేలిన ఈకలు రావు, తోకలో వంపు తిరిగిన పొడుగు ఈకలు రావు, ఒళ్లంతా పెట్ట ఈకే. చర్మంలోనే మగ హార్మోను ఆడ హార్మోనుగా మారిపోవడం వల్ల అలా జరుగుతుంది, కూత, ఠీవి మాత్రం పుంజువే. తాతయ్యకి ఇది మహా ఆశ్చర్యం, దారంతా అదే మాట. వాటిని అమ్ముతారా అని అడిగితే, "గుడ్లలో పిల్ల సరిగ్గా కట్టదు, కొత్తవాళ్లకి ఇస్తే ఒక్క పిల్ల కూడా చూడరు" అని ఇవ్వలేదు.

ఇంకో గదిలో బెల్జియం నుంచి వచ్చిన జాతి, మిల్లీ ఫ్లోర్ రంగు బాంటమ్‌లు. ఆ ఫ్రెంచి మాటకి అర్థం వెయ్యి పూలని. ఎర్రటి ఈక, చివర నల్లటి పట్టీ, దాని కొసన తెల్లటి చుక్క, ఒళ్లంతా అదే వరస. తాతయ్య చూడగానే, "ఒరేయ్, ఇది పూల కోడి కదరా" అన్నారు. మన కుక్కుట శాస్త్రంలో కాకి, డేగ, సేతువ, నెమలి, మైల ఇలా ఈకల రంగుని బట్టే కోడికి పేరు, ఒక్కో ఈకలో ఎరుపు నలుపు తెలుపు మూడూ ఉంటే దాన్ని పూల అంటారు. ఎక్కడి బెల్జియం, ఎక్కడి భీమవరం, రెండు చోట్లా ఆ ఈకని చూసినవాళ్లకి పువ్వే గుర్తొచ్చింది. పందేల సంగతి నాకు నచ్చదు, ఆయనతో వాదిస్తూనే ఉంటాను, కానీ ఈకని చదవడం మాత్రం నాకు ఆయన నుంచే వచ్చింది.

పొట్టి కాళ్ల జపనీస్ బాంటమ్‌లు, ఈకలు వెనక్కి చుట్టుకునే ఫ్రిజిల్‌లు కూడా ఉన్నాయి. వాటి మీద నాకు ఆసక్తి తక్కువ కాబట్టి ఒక్క మాటలో చెప్తాను. ఒకే రకంవి రెండింటిని జతకట్టించొద్దు. పొట్టి కాళ్ల జన్యువు రెండు మోతాదులు పడితే పిల్ల గుడ్డులోనే చనిపోతుంది, పిల్ల కట్టిన గుడ్లలో పావు వంతు అలా పోతాయి. ఫ్రిజిల్‌కి రెండు మోతాదులు పడితే ఈక పెళుసై రాలిపోతుంది. అలాంటి పెట్టని ఒకటి చూపించారు, వీపంతా బోడిగా ఉంది పాపం. ఎవరో తెలియక కలిపితే పుట్టిందట, అమ్మకుండా విడిగా నీడలో పెట్టి సాకుతున్నారు. మీకు ఎవరైనా "ఫ్రిజిల్ జత" అని రెండూ ఉంగరాల ఈకలవే అమ్మబోతే, వాళ్లకి విషయం తెలియదని అర్థం.

ఇక నేను తెచ్చినవి. మూడు వారాలు మిగతా కోళ్లకి దూరంగా ఉంచమన్నారు, ఉంచాను. మొదటి రెండు విడతల గుడ్లు సగం ఖాళీవే. ఫోన్ చేస్తే, తోక కింద దూది ఈక ఒత్తుగా ఉండి జత సరిగ్గా కుదరదని, పుంజుకీ పెట్టలకీ అక్కడ కత్తెరతో కాస్త కత్తిరించమన్నారు. ఆ తర్వాత పెట్టిన 23 గుడ్లలో 17 పిల్లలు, పదిహేడూ నీలమే. ఇంక్యుబేటర్‌లో ఒక్కొక్కటే ఆరి రంగు తేలుతుంటే ఇంట్లో అందర్నీ నిద్రలేపి చూపించాను. కోడిపిల్లల చర్మం రంగు చూసి అమ్మ, "ఇది కడక్‌నాథా?" అంది. కాదు కానీ ఆ అనుమానంలో పొరపాటు లేదు, 2018లో మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చిన మధ్యప్రదేశ్ ఝాబువా కడక్‌నాథ్‌లోనూ, సిల్కీలోనూ లోపలి నలుపుకి కారణమైన జన్యువు మార్పు ఒకటే.

ఆ పదిహేడింట్లో నా లెక్కకి నిలిచినవి నాలుగు. అయిదు వేళ్లు మాత్రం అన్నిటికీ ఉన్నాయి, ఒక్కటి తప్పలేదు, ఆ నోట్‌బుక్ విలువేమిటో అక్కడ తెలిసింది. రెండింటికి రెక్కల్లో గట్టి ఈకలొచ్చాయి. మూడు పుంజులకి మెడ మీద గడ్డి రంగు దిగింది. ఇందులో కొంత నా తప్పు కూడా ఉంది, నీలం ఈక ఎండకి వెలిసిపోతుంది, ఆవిడ గ్రీన్ నెట్ కట్టమని చెప్పినా ఏప్రిల్ దాకా కట్టలేదు. నీలం బాగా పలచబడకుండా ముదురుగా నిలవాలంటే రెండు తరాలకోసారి మళ్లీ నలుపుతో కలపాలని, అప్పుడు సగం నలుపు, సగం నీలం వస్తాయని చెప్పారు, వచ్చే విడతకి అదే చేస్తున్నాను.

రోహిణి కార్తె మాత్రం చాలా టెన్షన్ పెట్టింది. ఈ కోళ్లకి ఒంటి మీద దుప్పటి కప్పుకున్నట్టే ఉంటుంది, మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నోళ్లు తెరిచి రొప్పేవి. తడిపిన ఇసుక, నీడ, రోజుకి మూడుసార్లు చల్లటి నీళ్లు, వీటితో గట్టెక్కించాను. ఆవిడ ఆ వారంలో రెండుసార్లు తనంతట తనే ఫోన్ చేసి ఎలా ఉన్నాయని అడిగారు. డబ్బు చేతిలో పడ్డాక అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడమే గొప్ప అనుకునే వ్యాపారంలో అది నేను మర్చిపోలేను. వానాకాలంలో ఊక తీసేసి పొడి ఇసుక వేయమన్నదీ ఆవిడే, తడిసిన సిల్కీ ఆరడానికి చాలాసేపు పడుతుంది, కాళ్ల ఈకల్లో బురద గడ్డకడితే వేళ్లు పాడవుతాయి.

నచ్చనివీ ఉన్నాయి. పెద్దది టీకాల విషయం. రాణిఖేత్, అంటే మన ఊళ్లలో కొక్కెర తెగులు అనేదానికి, మశూచికి టీకాలు తేదీలతో సహా రాసిచ్చారు. కోళ్ల కాళ్లు పడిపోయే మారెక్స్ అనే వైరస్ జబ్బుకి మాత్రం వేయరు, అది కొనే ముందు నాకు చెప్పలేదు. అయిదో నెలలో నా పిల్లల్లో రెండు, ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి చాచి పడిపోయాయి, వారంలో పోయాయి. పశువుల డాక్టరు గారు కోసి చూసి మారెక్స్ లాగే ఉందన్నారు. సిల్కీలు, సెబ్రైట్‌లు ఈ జబ్బుకి మిగతావాటికన్నా తేలిగ్గా లొంగిపోతాయి, టీకా పిల్ల పుట్టిన రోజునే పడాలి. ఆవిడని అడిగితే దాచకుండా చెప్పారు, ఆ సీసా వెయ్యి డోసులది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఇరవై పిల్లలకి అంత మందు తెరవలేకపోయానని. కారణం నిజమే. కానీ ముందే చెప్పి ఉంటే నేను నా పిల్లలకైనా ఏదో ఏర్పాటు చూసుకునేవాణ్ణి. ఇప్పుడు చుట్టుపక్కల పెంచేవాళ్లు నలుగురూ ఒకే రోజు గుడ్లు పెట్టి, పిల్లలు ఒకేసారి వచ్చేలా చూసుకుని, సీసా పంచుకోవాలని చూస్తున్నారట. మీరు వెళ్తే ఇది తప్పకుండా అడగండి.

రెండోది నిరీక్షణ. నాకు నాలుగు నెలలు పట్టింది, మధ్యలో మెసేజ్ పెడితే రెండేసి రోజులకి జవాబు. పార్సిల్ పంపరు, పొదిగే గుడ్లు అసలు అమ్మరు. మనమే వెళ్లాలి, మనమే తెచ్చుకోవాలి. దూరం నుంచి వచ్చేవాళ్లకి ఇది ఇబ్బందే, కానీ బస్టాండులో వాచిన కన్నుతో దిగిన ఆ పెట్టని చూసినవాడిగా నేను దీన్ని తప్పు పట్టను.

పిల్లలకి ముచ్చటగా రెండు కోళ్లు కావాలనుకుంటే ఇంత దూరం, ఇంత ఖర్చు అక్కర్లేదు, ఆవిడ పక్కన పెట్టినవే తక్కువలో తెచ్చుకోవచ్చు, ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి నాలుగు వేళ్లయినా అయిదు వేళ్లయినా ఒకటే. ఒక రంగుని పట్టుకుని నాలుగైదేళ్లు దాని వెనక పడాలనుకునేవాళ్లు మాత్రం వెళ్లండి, వెళ్లినప్పుడు కోడి కన్నా ముందు ఆ నోట్‌బుక్ చూపించమని అడగండి, ఆవిడకి అలా అడిగితేనే ఇష్టం. నేను కార్తీకంలో వచ్చే విడతకి వేరే గదిలోంచి ఒక నల్ల పుంజుకి పేరు రాయించాను. మొన్న ఫోన్ చేస్తే, పన్నెండు పుంజుల్లో ఇంకా మూడే మిగిలాయని, మెడ ఈకలు పూర్తిగా దిగేదాకా ఏది నాదో చెప్పనని అన్నారు.